చీటీలో ఆఖరి మందు

మందులషాపు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఏ చీటీ చేతికొచ్చినా ఆఖరి వరసలో ఏముంటుందో చదవకుండానే చెప్పగలను. పైన యాంటీబయాటిక్కో షుగర్ మాత్రో ఉంటుంది. దాని కింద నొప్పికొకటి, గ్యాసుకొకటి. అన్నిటికన్నా అడుగున ఎర్రగానో నారింజరంగులోనో మెరిసే మెత్తటి యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్. రోజుకొకటి, నెలరోజులు. లైకోపీన్, బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం, జింకు. ఈమధ్య గ్రీన్ టీ సారం, ద్రాక్షగింజల సారం కూడా చేరుస్తున్నారు. కాలు విరిగినా అదే, కళ్ళు మసకబారినా అదే, పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండకపోతే అదే. "ఇదెందుకన్నా?" అని అడిగితే "బలానికి" అంటాను. చేతిలో డబ్బు చాలనప్పుడు జనం మొదట తీసేయించేదీ దాన్నే. "ఆ బలంమాత్ర ఇంగోసారి తీసుకుంటాలే అన్నా, మిగతావి కట్టియ్యి."

డి.ఫార్మసీ చదివినా దాని గురించి నా బుర్రలో నిలిచింది ఒక ఆపిల్ ముక్క. షాపు కొత్తలో ఒక కంపెనీ రెప్పు వచ్చాడు. బ్యాగులోంచి ఆపిల్ తీసి నా కౌంటర్ మీదే రెండుగా కోసి, ఒక ముక్క మీద నిమ్మచెక్క పిండాడు. "రొవ్వంతసేపు చూడన్నా" అని టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి ఒట్టి ముక్క గోధుమరంగుకి తిరిగింది, నిమ్మరసం పడిన ముక్క తెల్లగానే ఉంది. "ఇనుము తుప్పు పట్టినట్టు మన కణాలు కూడా పడతాయన్నా. ఆ పని చేసేవి ఫ్రీ రాడికల్స్. మా క్యాప్సూల్ ఈ నిమ్మరసం అనుకో." తెల్ల ముక్క తను తిని రంగు మారింది నా చేతిలో పెట్టి పోయాడు. ఆ తర్వాత ఏ కంపెనీకి మారాడో గానీ, అతని ఆపిల్‌ని నేను కౌంటర్ దగ్గర కొన్ని వందలసార్లు వాడుకున్నాను. ఆపిల్ లేకుండా, నోటిమాటగా.

ఇదంతా ఇప్పుడు గుర్తుచేసుకోవడం మా బావ వల్ల.

బావది పూతలపట్టు దగ్గర పల్లె. చెరుకు, మామిడి, సొంత బెల్లం గానుగ. పన్నెండేళ్ళప్పటి నుంచి వక్కాకు, అందులో చిటికెడు పొగాకు. గానుగ ఆడే రోజుల్లో రాత్రి కాపలాకి బీడీ. 2022లో ఫోన్ చేసి, "రేయ్ బామ్మర్దీ, దవడ లోపల పొక్కింది, ఏమన్నా పంపించరా" అన్నాడు. నోటిపూతకి రాసుకునే జెల్లు, బి కాంప్లెక్సు బస్సులో పంపించాను. రెండు నెలల తర్వాత మళ్ళీ అడిగాడు, మళ్ళీ పంపించాను. నోట్లో పుండు మూడు వారాల్లో మానకపోతే డాక్టరుకి చూపించాలని నా షాపుకొచ్చే ప్రతివాడికీ చెప్పే నేను, సొంత బావకి రెండోసారి కూడా జెల్లే పంపించాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నా. కానీ రాయకపోతే మిగతాది చదివేవాళ్ళు నన్ను తెలివైనవాడిననుకుంటారు.

2023 మొదట్లో ఆపరేషన్ అయింది. ఎడమ దవడ లోపలి గడ్డ, మెడలో గడ్డలు తీసేశారు. కంటికి కనపడనివి మిగిలుంటే వాటికోసం రేడియేషన్ అన్నారు. మావైపు రేడియేషన్ అనరు, 'కరెంటు పెట్టడం' అంటారు. ఒకప్పుడు చిత్తూరు జిల్లావాళ్ళు కరెంటు పెట్టించుకోవాలంటే వేలూరు బస్సెక్కేవాళ్ళు, లేదంటే మద్రాసు అడయారు. ఇప్పుడు తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో అలిపిరి దగ్గర టాటా వాళ్ళ కాన్సర్ ఆసుపత్రి కూడా మొదలైంది. బావకి ఎక్కడ చేయించామో మాత్రం రాయను, ఈ కథకి ఆ పేరుతో పని లేదు.

ఏప్రిల్ ఆఖరివారంలో మొదలుపెట్టారు. మొత్తం 60 గ్రే (రేడియేషన్ డోసు కొలత అది), రోజుకి 2 చొప్పున 30 రోజులు, శని ఆదివారాలు సెలవు. ఆరు వారాలూ అక్కాబావలు తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే. ముందు ముఖానికి అచ్చు తీశారు. వేడినీళ్ళలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వలని ముఖం మీద పరిచి నొక్కితే, చల్లారాక అది అచ్చం బావ ముఖమే. రోజూ ఆ వల తొడిగి, తల కదలకుండా బల్లకి బిగిస్తారు. బయటికొచ్చేసరికి నుదుటి మీద గళ్ళుగళ్ళుగా అచ్చు పడి ఉండేది.

"షాకు కొడతాదేమో అనుకుంటినిరా. ఏమీ లేదు, మిషను గుయ్యిమంటాది, అంతే" అన్నాడు మొదటిరోజు.

ఆ రాత్రే అక్క, "ఇంత కరెంటు పెడతా ఉండారు, మనిషి తట్టుకోవద్దా? నీ షాపులో బలానికేమన్నా ఉంటే ఇయ్యరా" అంది. ఇవ్వకేం చేస్తాను? బీరువాలో ఉన్నవాటిలో ఖరీదైన స్ట్రిప్పు తీశాను. అందరికీ రోజుకొకటి, బావకి రెండు. అది చాలదన్నట్టు విడిగా 400 విటమిన్ ఇ. చీటీ లేదు. సొంత షాపులో చీటీ ఎవరడుగుతారు! పన్నెండు రోజులు అట్లా సాగింది.

వారానికొకసారి డాక్టర్ మేడమ్ చూస్తారు. నోట్లో టార్చి వేసి చూసి, బరువు రాసి, "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడుగుతారు. మొదటివారం బావ తల అడ్డంగా ఊపేశాడు. అబద్ధమేమీ కాదు, అతని లెక్కలో అవి మందులు కావు. రెండోవారం నేను కూడా పక్కనున్నాను.

"మందులేం లేవు మేడమ్. బలానికి ఒక మాత్ర, అంతే."

"ఏదీ?"

జేబులోంచి తీసిచ్చాను. స్ట్రిప్పు తిప్పి వెనకవైపు చిన్నచిన్న అక్షరాలన్నీ చదివారు. అట్లా చదివే డాక్టర్లు తక్కువ.

"ఎవరు రాశారిది?"

"నేనే మేడమ్. మందులషాపుంది నాకు."

"ట్రీట్‌మెంట్ అయ్యేదాకా ఆపేయండి."

నాకు రోషం వచ్చింది. "యాంటీ ఆక్సిడెంటే కదా మేడమ్. ఫ్రీ రాడికల్స్‌ని తగ్గించేదే కదా, హాని ఏముంటుంది?"

ఆవిడ స్ట్రిప్పు నా చేతిలో పెట్టారు. "ఫ్రీ రాడికల్స్ మీకు తెలుసు కాబట్టి చెప్పడం తేలిక. మేం ఇక్కడ ఇస్తున్న మందు అదే."

తర్వాత రెండు నిమిషాల్లో చెప్పింది నాకు పూర్తిగా ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. కిరణాలు పోయి కాన్సర్ కణాన్ని కాల్చేస్తాయని నేను కూడా అందరిలాగే అనుకుంటూ ఉన్నాను. కణంలో ఎక్కువ ఉండేది నీళ్ళు. కిరణాలు ముందు ఆ నీటిని చీలుస్తాయి. అక్కడ పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ పక్కనే ఉన్న డీఎన్ఏ మీద పడి తెంపుతాయి. ఎక్స్ రే కిరణాలతో డీఎన్ఏకి జరిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇట్లా నీళ్ళ దారిన వచ్చిందే, నేరుగా తగిలేది మిగతా వంతు. తెగిన చోట ఆక్సిజన్ ఉంటే ఆ తెగు అతకదు, లేకపోతే కణం దాన్ని బాగుచేసుకునే వీలుంది. ఆక్సిజన్ అందని కణాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్లు డోసు కావాలట. రక్తం తక్కువుంటే ఎందుకు ఎక్కిస్తారో, బీడీ మానమని ఎందుకు పోరుతారో అప్పుడు తెలిసింది.

అంటే ఆవిడ కోట్లు పోసి కొన్న మిషనుతో రోజూ ఆపిల్‌ని గోధుమరంగు తిప్పుతున్నారు. నేను ఇంట్లో కూర్చుని పొద్దున ఒకసారి, మాపటికొకసారి నిమ్మకాయ పిండుతున్నాను.

ఆ రాత్రి షాపు సగం షట్టర్ దించి ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. క్విబెక్ అని కెనడాలో ఒక రాష్ట్రం. అక్కడ తల, మెడ కాన్సర్‌కి రేడియేషన్ తీసుకునే 540 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. ఇంకో గుంపుకి చూడడానికి అట్లాగే ఉండే ఉత్తి మాత్ర. రేడియేషన్ జరిగినన్నాళ్ళు, ఆ పైన మూడేళ్ళు. నేను బావకి విడిగా ఇచ్చింది కూడా సరిగ్గా 400 అని అక్కడ ఆగిపోయాను.

నడుస్తుండగానే ఆ పరీక్షలో బీటా కెరోటిన్ తీసేయాల్సి వచ్చింది, కారణం వేరే దేశాల్లో తేలిన సంగతి. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ తిన్నవాళ్ళకి ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో బయటపడింది. తగ్గుతుందని మొదలుపెట్టిన పరీక్ష అది! అమెరికాలో 18,314 మందితో నడిచిన ఇంకోదాన్ని 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. నేను షాపు పెట్టడానికి ఏడెనిమిదేళ్ళ ముందు మాట ఇది. నా ఆపిల్ రెప్పుకి తెలుసో తెలియదో.

క్విబెక్ ఫలితాలు 2005లో వచ్చాయి. వాటిని నేను నాలుగైదుసార్లు చదివాను, ఒక పట్టాన మింగుడుపడలేదు. రెండు విటమిన్లూ కలిపి తిన్నవాళ్ళకి రేడియేషన్ వల్ల వచ్చే తీవ్రమైన బాధలు బాగా తగ్గాయి. నిజంగానే తగ్గాయి. అదే సమయంలో కాన్సర్ మొదటి చోటే తిరగబెట్టడం విటమిన్ గుంపులో ఎక్కువ వైపు మొగ్గింది. అది గట్టిగా రుజువైనంత తేడా కాదని వాళ్ళే రాశారు. కానీ మరుసటేడు లెక్క చూస్తే మొత్తం మరణాలు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. 2008లో ఇంకో సంగతి తేలింది. ఈ కీడు కనిపించింది ముఖ్యంగా రేడియేషన్ జరుగుతుండగా పొగతాగిన వాళ్ళలో. తాగనివాళ్ళలో అంత లేదు.

ఇది చదివి లేచి ఇంటికి పోతే, వెనకవైపు బాత్రూం పక్కన బీడీ వాసన.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ రాయను. అక్క ఏడ్చింది, బావ గమ్మునున్నాడు, పొద్దున లేచి బీడీకట్ట తనే తెచ్చి నా చేతికిచ్చాడు. మళ్ళీ తాగాడో లేదో నేను వెతకలేదు.

అసలు కష్టం మూడోవారంలో మొదలైంది. అది మే నెల, తాతయ్యగుంట గంగమ్మ జాతర. వీధిలో పిల్లలు ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకుని, బొగ్గుబొట్లు పెట్టుకుని, వేపమండలు పట్టుకుని నోటికొచ్చిన బూతులు తిడుతూ పోతున్నారు. బావ ఎడమ చెంప కమిలి నల్లబడింది, నుదుటి మీద వల అచ్చు. "నేనూ ఏదో వేషం కట్టినానని అనుకుంటారులేరా" అని నవ్వబోయి, నవ్వడానికి నోరు తెరవలేక ఆగిపోయాడు. నోరంతా తెల్లటి పొర కట్టిన పుండ్లు. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళు, బెంజిడమైన్ ద్రావణం పుక్కిలించడం, అన్నానికి ముందు తిమ్మిరెక్కించే జెల్లు, తర్వాత నొప్పికి ట్రమడాల్. సంగటి పోయి జావ, జావ పోయి పల్చటి అంబలి. తిరుమల నుంచి ఎవరో తెచ్చిన లడ్డూని అక్క పాలల్లో కరిగించి, వడగట్టి, చెంచాతో పోసింది. జీడిపప్పు గిన్నెలో మిగిలిపోయింది. మామిడి తోట ఉన్నవాడు, బేనీషా కాపుకొచ్చే రోజులు, ఒక చెంచా రసం నోట్లో వేసుకుని చురుక్కుమని ఉమ్మేశాడు.

అప్పుడు అన్నాడు బావ ఆ మాట.

"నీ ఎర్రమాత్ర వేసుకున్నన్నాళ్ళు నోరు బాగుండె. నువ్వు లాక్కున్నాకనే ఇదంతా."

పుండ్లు ఎవరికైనా రెండు మూడు వారాలకి మొదలవుతాయి, మాత్ర ఆపడం ఆపకపోవడంతో సంబంధం లేదు అని చెప్పొచ్చు. చెప్పాను కూడా. కానీ క్విబెక్ కాగితం నా జేబులోనే ఉంది. రెండు విటమిన్లు తిన్నవాళ్ళకి బాధ తగ్గిందని అందులోనే ఉంది. అది కూడా చెప్పాలి కదా? చెప్పాను.

"అయితే ఇయ్యి మరి."

"నోటికి మేలు చేసింది గడ్డకీ చేస్తే ఏం చేద్దాం బావా?"

"గడ్డ తీసేసినారు కదరా!"

"కలుపు పీకినాక నేలలో వేర్లుండవా? ఆ వేర్లకే కదా ఇప్పుడు కరెంటు."

రైతుకి ఆ మాట ఎక్కింది గానీ, అక్కకి ఎక్కలేదు. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె తప్పేం లేదు. కళ్ళెదురుగా కనపడేది మొగుడి నోరు. వేర్లు ఎవరికి కనపడతాయి?

ఇట్లాంటి సందులోనే మా చిన్నాయన కొడుకు దూరాడు. వాడు ఒక చైన్ బిజినెస్‌లో ఉన్నాడు. నోని రసం, ఉసిరి సారం, గోధుమగడ్డి పొడి ఒక పెట్టెలో పెట్టి, 4,800 రూపాయలని, సొంతవాళ్ళు కాబట్టి 4,200కి ఇస్తాననీ వచ్చాడు. "రేడియేషన్ వేడిని లాగేస్తాది పెదబావా" అన్నాడు. రేడియేషన్లో వేడెక్కడిదిరా అంటే, "నీకు మీ ఇంగ్లీషు మందులు అమ్ముకోవాలని" అన్నాడు నన్ను. నేను అమ్మేది కూడా ఇంచుమించు అదే సరుకు కాబట్టి గట్టిగా ఏమీ అనలేకపోయాను.

మరుసటివారం మేడమ్‌ని మూడు ప్రశ్నలడిగాను. ఒకటి, ఉసిరికాయ పచ్చడి, టమోటా, మామిడిపండు కూడా మానాలా? "భోజనంలో వచ్చేది తినండి, మింగుడుపడితే చాలు. ఒక్క మాత్రలో కూరినంత ఏ కూరలోనూ రాదు. పచ్చడి మాత్రం నోరు మండుతుంది." రెండు, పన్నెండు రోజుల్లో నేను చేసిన నష్టమెంత? ఆవిడ ఆలోచించి, "అది కొలిచే తక్కెడ లేదు. ఆపారు కదా" అన్నారు. ఆ రెండో మాటని నేను ఓదార్పుగానే తీసుకున్నాను.

మూడోది, గడ్డని వదిలేసి నోటిని మాత్రం కాపాడే మందు లేదా? దానికి మాత్రం ఆవిడ కుర్చీ జరుపుకుని చెప్పారు. బయట ఇంకా పదిమంది ఉన్నా.

ఉంది. పేరు అమిఫోస్టిన్. పుట్టింది ఆసుపత్రిలో కాదు, సైన్యంలో. అణుబాంబుల భయం నడిచిన రోజుల్లో అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ, రేడియేషన్ నుంచి సైనికుల్ని కాపాడేదాని కోసం నాలుగువేలకు పైగా రసాయనాలు వెతికింది. అందులో 2721 నంబరుది ఇది. ఒంట్లోకి పోయినప్పుడు నిద్రపోతున్న మందు. రక్తనాళాల గోడల్లో ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దాన్ని లేపుతుంది. మామూలు కండలో ఆ ఎంజైము బాగా ఉంటుంది. గడ్డలో రక్తనాళాలు అడ్డదిడ్డం, పైగా పులుపు వాతావరణం, అక్కడ అది సరిగ్గా లేవదు. అందుకని మంచి కణం దగ్గర రాడికల్స్‌ని పట్టేస్తుంది, గడ్డ దగ్గర వదిలేస్తుంది. లాలాజల గ్రంథులు ఎండిపోకుండా వాడుకోవచ్చని అమెరికాలో 1999లో అనుమతి ఇచ్చారు. రోజూ కరెంటు పెట్టడానికి పదిహేను నుంచి ముప్పై నిమిషాల ముందు నరానికి ఇవ్వాలి. అంతకన్నా ముందు కాదు, తర్వాత కాదు.

"మరి బావకెందుకివ్వలేదు మేడమ్?"

వాంతులు, ఉన్నట్టుండి బీపీ పడిపోవడం, ఒక్కోసారి చర్మం మీద ప్రమాదమైన ఎలర్జీ. ముప్పై రోజులు రోజూ పడుకోబెట్టి బీపీ చూస్తూ ఇవ్వాలి. ఈలోగా మిషన్లే బాగుపడ్డాయి. ఇప్పటి ఐఎంఆర్‌టీ అనే పద్ధతిలో చెవి కింద ఉండే లాలాజల గ్రంథిని తప్పించి కిరణాలు వేయొచ్చు. ఇంగ్లండులో 94 మంది మీద చేసిన పరీక్షలో ఏడాది తర్వాత నోరు ఎండిపోయి బాధపడేవాళ్ళు పాత పద్ధతిలో 74 శాతం, ఈ పద్ధతిలో 38 శాతం. మందుతో కాపాడబోయిన గ్రంథిని ఇప్పుడు కిరణాన్ని పక్కకి తిప్పి కాపాడుతున్నారు. నాలాంటి షాపువాడికి ఇది మింగలేని వార్తే.

అట్లాంటిదే ఇంకో మందు గురించి తర్వాత నేనే చదివాను, అవసోపాసెమ్ అని. మన కణాల్లో సహజంగా ఉండే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైము చేసే పనిని మాంగనీసుతో చేయిస్తారు. సూపరాక్సైడ్ అనే రాడికల్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. మామూలు కణానికి సూపరాక్సైడ్ చేటు, కాన్సర్ కణానికి పెరాక్సైడ్ చేటు, కాబట్టి ఒక దెబ్బకి రెండు పిట్టలని ఆశ. 455 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో తీవ్రమైన నోటిపుండ్లు ఉత్తి మందు గుంపులో 64 శాతం, ఈ మందు గుంపులో 54. బావకి కరెంటు ముగిసిన రెండు నెలలకి, 2023 ఆగస్టులో, మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ రుజువు చాలదని, ఇంకో పరీక్ష చేసి రమ్మని వెనక్కి పంపింది. పది శాతం తేడా చాలదా అని మొదట కోపమొచ్చింది. తర్వాత నా బీరువా వైపు చూశాను. ఒక్క శాతం రుజువు కూడా అడగకుండా నేను అమ్మినవి వరసగా నిలబడి ఉన్నాయి.

న్యాయంగా ఒక మాట. డాక్టర్లందరూ దీని మీద ఒకే మాట అనరు. విటమిన్లు తింటే నష్టం లేదనీ, తట్టుకునే శక్తి వస్తుందనీ వాదించే సమీక్షలు కూడా ఉన్నాయి. వాటినీ చదివాను. ఎక్కువగా చిన్న పరీక్షలు, ఒక్కోదాంట్లో ఒక్కో మందు, ఒక్కో కాన్సర్. వాటిని నమ్ముకుని బావ నోట్లో మాత్ర వేసే ధైర్యం నాకు రాలేదు.

జూన్ మొదటివారంలో ముప్పయ్యో రోజు అయింది. వల మాస్కుని ఇంటికి తెచ్చుకుంటామంటే ఇచ్చారు. బావ దాన్ని గానుగ కొట్టంలో మేకుకి తగిలించాడు. పిల్లలు దిష్టిబొమ్మ అనుకుంటున్నారట. పుండ్లు మానడానికి ఐదారు వారాలు పట్టింది. రుచి దసరాకి తిరిగొచ్చింది, ముందు తీపి, చాలా రోజులకి కారం. ఊరుబిండి నాకిన రోజు అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ ఫోన్‌తోనే నాతో మామూలుగా మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. ఎంగిలి మాత్రం పూర్తిగా ఊరడం లేదు. యాడికి పోయినా భుజాన నీళ్ళ సీసా.

ఇప్పటిదాకా స్కానుల్లో ఏమీ లేదు. కానీ 2024 చివర్లో ఇంకో తిప్పలు. మెడ ఎడమపక్క చెక్కలాగా గట్టిపడింది, నోరు రెండువేళ్ళు దూరేంత మాత్రమే తెరుచుకుంటోంది. చూపించుకుని నేరుగా నా షాపుకొచ్చి చీటీ కౌంటర్ మీద పెట్టాడు. పైన నోరు సాగదీసే వ్యాయామం. దాని కింద పెంటాక్సిఫిల్లిన్ 400. కాళ్ళలో రక్తం సరిగ్గా ఆడనివాళ్ళకి అమ్మే మాత్ర అది. అన్నిటికన్నా అడుగున, ఆఖరి వరసలో, విటమిన్ ఇ 400.

రెండుసార్లు చదివాను. అదే మేడమ్, అదే సంతకం. ఆగలేక ఫోన్ చేశాను. "మేడమ్, మీరే కదా ఆపించారు?"

నవ్వారు. "అప్పుడు మా పనికి రాడికల్స్ కావాలి. ఆ పని ముగిసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడవి మచ్చకట్టించి కండని గట్టిపరుస్తున్నాయి, ఇప్పుడు తగ్గించాలి. ఈ రెండూ కలిపి ఆరునెలలైనా వాడితే కొందరికి మెత్తబడుతుంది." ఫ్రాన్సులో 2003లో రొమ్ము కాన్సర్ రేడియేషన్ తర్వాత గట్టిపడిన 24 మంది మీద చేశారట. చిన్న పరీక్ష, తర్వాత చేసినవన్నీ దాన్ని సమర్థించలేదు కూడా. అదీ ఆవిడే చెప్పారు.

ఫోన్ పెట్టేసి, బీరువా తెరిచి, పోయినసారి తీసిన చోటునుంచే స్ట్రిప్పు తీశాను. బావ సీసా మూత తిప్పి ఒక గుక్క తాగి, నా చేతిలోదాన్ని చూశాడు.

"ఇదే కదరా ఆ పొద్దు నా నోట్లోనించి లాక్కున్నది?"

"ఇదే బావా."

"ఈ పొద్దు నువ్వే ఇస్తా ఉండావు."

"చీటీ ఉండాది కదా."

"ఆ పొద్దు ఇచ్చినప్పుడు లేదుగా" అని, స్ట్రిప్పు జేబులో వేసుకుని, డబ్బులు ఎంతైందని అడగకుండానే పూతలపట్టు బస్సుకి పోయాడు.